ఆషాఢంలో పుష్పకం

పెళ్ళికి వెళ్ళినవాళ్ళు ముందు పెళ్ళికూతురిని చూస్తారు, తరువాత ఆమె నగలు చూస్తారు, ఆ పైన భోజనాల హాలు ఎటు వైపో చూస్తారు. నేను పైకప్పు చూస్తాను. ఆ మధ్య ఒక పెళ్ళిలో మా వియ్యపురాలు అది గమనించి, "అన్నయ్యగారికి మెడ పట్టేసిందా?" అని అడిగారు. మా ఆవిడ అందుకుని, "మెడకేం కాలేదు వదినా, పట్టింది మెదడుకి" అంది.

ఆవిడ అనడంలో తప్పు లేదు. రెండేళ్ళుగా ఏ హాల్లో అడుగుపెట్టినా నా కళ్ళు ముందు పైకే పోతున్నాయి. కప్పు ఎంత ఎత్తు? ఫ్యాన్లు ఎన్ని? దూలాలున్నాయా? దీపాల గుత్తులు ఎంత కిందికి వేలాడుతున్నాయి? హోమం పొగ నిటారుగా లేస్తే నా మనసు కూడా లేస్తుంది. పక్కకు వాలిందా, ఆ హాలు మీద ఆశ వదులుకుంటాను.

ఇదంతా మా బావగారి కోసం, ఆయన పిల్లలతో నడిపే బుల్లి విమానాల క్లబ్బు కోసం.

మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. మా అక్కను చేసుకున్న బావగారు 1967లో బెంగుళూరు వచ్చి హెచ్.ఏ.ఎల్.లో చేరారు. లోహపు భాగాలను పోతపోసే ముందు వాటి నమూనాలను చెక్కతో చెయ్యాలి. ఆయన పని అది. పన్నెండేళ్ళ తరువాత నేనూ ఆయన వెనకాలే వచ్చి ఐ.టి.ఐ.లో చేరాను. 1948లో పెట్టిన ఆ టెలిఫోన్ల ఫ్యాక్టరీ వల్లనే మా పక్క పేటకు దూరవాణినగర్ అని పేరు వచ్చింది. ఆయనవి విమానాలు, నావి టెలిఫోన్లు. ఇద్దరం కె.ఆర్.పురంలోనే ఇళ్ళు కట్టుకున్నాం, ఇక్కడే ముసలివాళ్ళమయ్యాం. "పాత మద్రాసు రోడ్డు మీద నిలబడితే మన మదనపల్లె బస్సు కనిపిస్తుంది. ఇంకేం కావాలప్పా?" అనేది ఆయన వాదన.

రిటైరయిన తరువాత ఆయన ఊరికే కూర్చోలేదు. ఇంటి కింద స్కూటర్లు పెట్టుకునే చోట ఒక బల్ల వేసి, వీధి పిల్లలకు బాల్సా చెక్కతో విమానాలు చెయ్యడం నేర్పసాగారు. క్లబ్బుకు బోర్డు లేదు, రసీదు పుస్తకం లేదు. నియమం ఒక్కటే: ఎవరి విమానం వాళ్ళే చేసుకోవాలి. ఎవరు చేసినా ఆ విమానానికి ఆయన పెట్టే పేరు పుష్పకం. 1958లో మొదటిసారి ఎగిరిన తమ చిన్న విమానానికి హెచ్.ఏ.ఎల్. వారు పెట్టుకున్న పేరు కూడా పుష్పకే. "ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలేదే పుష్పకం" అని కొత్త పిల్లవాడు వచ్చినప్పుడల్లా ఆయన చెబుతుంటారు.

నాలుగేళ్ళ కిందట ఆయనకు చేతులు వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు డాక్టరుగారు. అగ్గిపుల్లలో సగం లేని పుల్లను బ్లేడుతో తిన్నగా కోసిన చేతుల్లో ఇప్పుడు కాఫీ గ్లాసు నిలవదు. అయినా శనివారం వస్తే పిల్లలు వస్తారని పొద్దున్నే గడ్డం గీయించుకుని కూర్చుంటారు. పిల్లలు రాని వారం మంచం దిగరు. ఒకరోజు మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆ క్లబ్బు పడిపోకుండా చూడరా. మందులకంటే అదే బాగా పని చేస్తా ఉంది" అంది. నా తిరుగుడు ఆ రోజు మొదలైంది.

క్లబ్బు పడిపోవడానికి కారణం చోటు లేకపోవడమే. మా వీధి చివర ఖాళీ స్థలంలో పిల్లలు ఎగరేసుకునేవాళ్ళు. 2022లో దాని చుట్టూ రేకులు పాతారు. మరుసటేడు రేకుల పైన క్రేను తల కనిపించింది. పెద్ద పిల్లలు రిమోట్‌తో నడిచే విమానాలు కొని దూరంగా ఎక్కడికైనా పోదామన్నారు. దానికి ఇంకో చిక్కుంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం దేశమంతటినీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విడదీశారు. పసుపు మండలంలో ఎగరెయ్యాలంటే విమానాల రాకపోకలు చూసే కంట్రోలు వారి అనుమతి కావాలి. ఎరుపు మండలమైతే కేంద్ర ప్రభుత్వమే అనుమతించాలి. 2008లో ప్రయాణికుల విమానాలు దేవనహళ్ళికి వెళ్ళిపోయినా హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం ఇంకా పనిచేస్తూనే ఉంది. మా మేడ ఎక్కితే అక్కడికి దిగే విమానాలు కనిపిస్తాయి. యుద్ధవిమానాలు తిరిగే ఆకాశంలో మన పిల్లల ఆటేమిటని బావగారే వద్దన్నారు. చివరికి మిగిలింది రిమోట్ లేని రబ్బరు విమానం.

రబ్బరు విమానం అంటే చిన్నచూపు అక్కరలేదు. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్యూలరీ తోటలో ఆల్ఫోన్స్ పెనో అనే యువకుడు మెలితిప్పిన రబ్బరుతో ఒక చిన్న విమానాన్ని 11 సెకన్లు ఎగరేశాడు. అది 40 మీటర్ల దూరం పోయింది. 1878లో రైట్ సోదరులకు వాళ్ళ నాన్నగారు తెచ్చిచ్చిన ఎగిరే బొమ్మ కూడా బెండు, వెదురు, కాగితం, రబ్బరుతో చేసిందే. ఆ బొమ్మ విరిగిపోయేదాకా ఆడుకుని, తరువాత అలాంటివి తామే చేసుకున్నారట ఆ పిల్లలు.

మా పిల్లలు చేసేది ఆ వంశానిదే. ఒక పొడుగు పుల్ల, దాని మీద పల్చటి రెక్క, వెనక తోక, ముందు ప్రొపెల్లర్, కింద ముడివేసిన రబ్బరు. మొత్తం కలిపి రెండు రూపాయి బిళ్ళల బరువుంటుంది. రబ్బరుకు కాస్త ఆముదం రాసి, నాలుగైదు రెట్లు సాగదీసి, కొక్కెం తగిలించిన చేతి డ్రిల్లుతో వందల చుట్లు తిప్పాలి. వదిలితే అది మనిషి నడిచినంత వేగంతో గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తుంది. మెలికలు విడిపోయేకొద్దీ అలాగే తిరుగుతూ దిగుతుంది. కింద నిలబడ్డవాళ్ళకి మోటారు చప్పుడు లేదు, ఏమీ లేదు. ఎవరో ఆకును పైకి పంపి దించినట్టుంటుంది.

ఇంత తేలికైన వస్తువుకు గాలే ప్రాణం, గాలే శత్రువు. ఆరుబయట చిన్న తెమ్మెర చాలు, పక్కింటి డాబా మీదికి పోతుంది. అందుకే ప్రపంచంలో ఈ ఆట ఆడేవాళ్ళంతా కప్పున్న పెద్ద పెద్ద చోట్లు వెతుక్కున్నారు. రుమేనియాలో స్లానిక్ అనే ఊళ్ళో పాత ఉప్పు గని ఉంది. భూమి లోపల 50 మీటర్లకు పైగా ఎత్తున్న గదులు, ఆకైనా కదలని గాలి. అక్కడ ప్రపంచ పోటీలు జరిగాయి. ఆ పోటీల్లో వాడే విమానం బరువు, రబ్బరు కాక, 1.4 గ్రాములు. అవి 20 నిమిషాలు దాటి ఎగురుతాయి. ఇంగ్లండులో కార్డింగ్టన్ అనే చోట వాయునౌకల కోసం కట్టిన షెడ్డులో ఏళ్ళ తరబడి ఇలాంటివి ఎగరేశారు. ఆర్-101 అనే వాయునౌక తయారైంది అక్కడే. 1930 అక్టోబరులో అది మన దేశానికి బయలుదేరి దారిలో ఫ్రాన్సులో కూలిపోయింది. 48 మంది చనిపోయారు. దాని కోసం కరాచీలో అంతటి షెడ్డూ ముందే కట్టి ఉంచారు. రావలసిన నౌక రానే లేదు. తరువాత షెడ్డు కూడా లేకుండా పోయింది. ఈ సంగతి చెప్పినప్పుడు బావగారు చాలాసేపు మౌనంగా ఉండి, "అది కె.ఆర్.పురంలో కట్టి ఉంటే మనకు పనికొచ్చేది కదప్పా" అన్నారు.

మనకు ఉప్పు గని లేదు, వాయునౌక షెడ్డు లేదు. ఉన్నవాటిని వెతకడం మొదలుపెట్టాను.

మొదటిది మా అమ్మాయి వాళ్ళ అపార్టుమెంటులోని పార్టీ హాలు. నేల అద్దంలా ఉంటుంది, కప్పు మాత్రం పది అడుగులే. విమానం ఒక చుట్టు తిరగగానే కప్పుకు తగిలి, కిటికీ అద్దానికి కొట్టుకునే ఈగలా గీసుకుంటూ పోయి పడింది. గడియారం చూస్తే 11 సెకన్లు. పెనోగారితో సమానం. నూటయాభై ఏళ్ళలో మేం సాధించిన ప్రగతి సున్నా అన్నమాట.

రెండోది ఒక బడి ఆడిటోరియం. ఎత్తు బాగుంది. కాని కుర్చీలన్నీ నేలకు బిగించేశారు, విమానం ఏ వరసలో పడితే ఆ వరసలో పాకాలి. అదైనా పాకేవాళ్ళమే. "మీ సంస్థ లెటర్‌హెడ్ మీద రాసి తెండి. రిజిస్ట్రేషన్ నంబరు, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో కూడా రాయండి" అన్నారు అక్కడి అధికారి. నేను సంచీలోంచి అట్టపెట్టె తీసి, విమానాన్ని ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన ఊపిరి వదిలితే అది చేతిలోంచి జారి బల్ల మీద వాలింది. ఆయన నవ్వారు. నవ్వి, "రూలు రూలే కదండీ" అన్నారు. నేనూ ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణే. మారు మాట్లాడకుండా లేచి వచ్చేశాను.

మూడోది బ్యాడ్మింటన్ కోర్టు. ఇది మాకు చుట్టమనే చెప్పాలి. షటిల్ కాక్ బరువు అయిదు గ్రాముల చిల్లర. దానికీ కదిలే గాలి పనికిరాదు. అందుకే ఆ హాళ్ళలో ఫ్యాన్లుండవు, కప్పు ముప్పై అడుగుల ఎత్తుంటుంది. కాని తెల్లవారుజామున అయిదు నుంచి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు వరస కట్టి ఉంటారు. మాకు దొరికింది మధ్యాహ్నం రెండు గంటల వేళ, గంటకు అద్దె చెల్లించి. రేకుల కప్పు అప్పటికి పెనంలా కాలి ఉంది. వేడిగాలి ఒక పక్కన లేస్తూ, ఇంకో పక్కన దిగుతూ విమానాలను కుదిపి పారేసింది. అక్కడ మా రికార్డు 34 సెకన్లు. పక్క కోర్టు నుంచి వచ్చిన షటిల్ ఒకటి మా రెక్క విరిచింది. కొట్టిన కుర్రాడు పాపం రెండుసార్లు క్షమాపణ చెప్పాడు.

నాలుగోది హొసకోట రోడ్డులో గోడౌను. దుమ్ముకు బావగారికి దగ్గు ఆగలేదు. పది నిమిషాల్లో తిరిగి వచ్చేశాం.

అప్పటికి పద్నాలుగు మంది పిల్లల్లో అయిదుగురు మిగిలారు. "ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఎగిరితే చూడాలని ఉందప్పా" అని బావగారు ఒక శనివారం అన్నారు. ఆ రోజు వచ్చింది ఇద్దరే.

దారి చూపించింది మా ఆవిడే. 2025 జూన్‌లో మా తమ్ముడి కొడుక్కి సంబంధం కుదిరింది. పంచాంగం ముందు పెట్టుకుని, "ఇంకేముంది, ఆషాఢం వచ్చేస్తోంది. శ్రావణం దాకా ముహూర్తాలు లేవు. కల్యాణమండపాలన్నీ ఈగలు తోలుకుంటుంటాయి" అంది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

ఆలోచించండి. ఆషాఢంలో మనకూ పెళ్ళిళ్ళుండవు, కన్నడం వాళ్ళకూ ఉండవు. తమిళులకు ఆడి నెల. ఈ మూడు భాషల పెళ్ళిళ్ళతో బతికే కె.ఆర్.పురంలో అంతకంటే ఖాళీ రోజులు ఎప్పుడు దొరుకుతాయి? ఇంకో తమాషా. బెంగుళూరులో అందరూ చెప్పుకునే 'ఆషాఢ గాలి' వీచేదీ అప్పుడే. మన వైపు చాలా చోట్ల సంక్రాంతికి గాలిపటాలు ఎగరేస్తే ఇక్కడ ఆషాఢంలో ఎగరేస్తారు. బయట బట్టలు ఎగిరిపోయే నెలలోనే లోపల కదలని గాలి మాకు దొరకబోతోంది.

మా ఇంటికి రెండు కిలోమీటర్లలో ఉన్న ఒక మండపం యజమానిని కలిశాను. ఆదివారాలు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు చాలన్నాను. ఫ్యాన్లు వెయ్యకూడదు, ఏసీ వద్దు, మైకు వద్దు, కుర్చీలు వద్దు, తలుపులు మూసి ఉంచాలి అన్నాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. "ఫ్యాను తిరగలేదని డబ్బు తగ్గించుకున్నవాళ్ళని చూశాను గాని, తిప్పొద్దని డబ్బిచ్చేవాళ్ళని చూళ్ళేదు" అన్నాడు. చివరికి ఊడ్పించే ఖర్చు ఇస్తే చాలన్నాడు.

మొదటి ఆదివారమే పరువు పోయింది. హాలు మధ్యలో పెద్ద దీపాల గుత్తి ఉంది. మావాడి విమానం సరిగ్గా పోయి దాని మీద కూర్చుంది. నేను చూసేలోపు వాడు చెప్పు విసిరాడు. విమానం రాలేదు, గాజు ముక్క వచ్చింది. యజమాని వచ్చి చూసి, ఇక రావద్దన్నాడు. తప్పు మాదే. గాజు ఖరీదు ఇచ్చి తలవంచుకుని బయటికి నడుస్తుంటే, "సామీ, రోంత నిలబడండి" అన్నాడు వాచ్‌మన్. కదిరి వైపు మనిషి. భార్యా కూతురితో మండపం వెనక గదిలో ఉంటాడు. పొద్దుటి నుంచి తలుపు సందులోంచి అంతా చూస్తున్నాడు. "అయ్యకు నేను చెప్తా. మా పాపకు కూడా ఒగటి చేసేది నేర్పిస్తారా?" అన్నాడు.

ఆ పిల్లకు పదకొండేళ్ళు, సర్కారు బడిలో కన్నడం మీడియం. బావగారు కారులోంచే ఆ మాట విని, "పుష్పకంలో చోటు లేకుండా పోతుందా? రమ్మను" అన్నారు.

వాచ్‌మన్ యజమానికి ఏం చెప్పాడో గాని, వచ్చే వారం తలుపు తెరిచి ఉంది. ఈసారి పుట్టినరోజులకు అమ్మే హీలియం బెలూన్లు రెండు కొని, పొడుగు దారం కట్టి తెచ్చాను. విదేశాల్లో కప్పుకు తగలబోయే విమానాన్ని ఇలాంటి దారంతోనే మెల్లగా పక్కకు మళ్ళిస్తారు. వాచ్‌మన్ దారం పట్టుకుని దీపాల గుత్తికి కాపలా నిలబడ్డాడు. పెళ్ళివాళ్ళ పిల్లల్ని అదుపు చేసిన అనుభవం అతనికి బాగా పనికొచ్చింది.

ఆ పిల్ల విమానం మూడో ఆదివారానికి తయారైంది. బావగారు పక్కన కూర్చుని మాటతోనే చేయించారు. ఆయన వేలు ఎక్కడ చూపించాలనుకున్నారో వణుకు వల్ల తెలియకపోతే, ఆ పిల్ల ఆయన వేలిని మెల్లగా పట్టుకుని పుల్ల మీద ఆనించి, "ఈడనా తాతా?" అని అడిగేది.

ఉదయం ఆరుంబావు. బయట చెట్లు ఊగిపోతున్నాయి. లోపల నేను వెలిగించిన అగరొత్తి పొగ గీత గీసినట్టు పైకి పోతోంది. రబ్బరు తిప్పాం. "విసరొద్దమ్మా. చెయ్యి తీసెయ్యి, అంతే. అది గాలిలో ఉండిపోతుంది" అన్నారు బావగారు. ఆ పిల్ల చెయ్యి తీసేసింది.

లెక్కపెట్టడం మా పిల్లల అలవాటు. ఎవరి భాషలో వాళ్ళు మొదలుపెట్టారు. తెలుగు, కన్నడం, తమిళం, హిందీ కలిసి హాలంతా సంతలా ఉంది. విమానం దీపాల గుత్తి పక్కగా లేచి, కప్పుకు రెండడుగుల కింద ఆగినట్టు తిరుగుతోంది. ముప్పై నాలుగు దాటింది. నలభై దగ్గర ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. తమ ఊపిరి తగిలి ఎక్కడ పడిపోతుందోనని వాళ్ళ భయం. చివరికి ఒక్క గొంతే మిగిలింది. బావగారు తెలుగులో లెక్కపెడుతున్నారు. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. ఆయన ఆపలేదు. అరవై ఒకటి, అరవై రెండు. నేను విమానం చూడడం మానేసి ఆయన్ని చూశాను. డెబ్బై రెండు దగ్గర అది ఆ పిల్ల కాళ్ళ ముందు వాలింది.

నేను ఏదో అనబోయాను. ఆయన ముందే, "ఇంకోసారి తిప్పండప్పా, ఎనిమిదింటికి తలుపు మూయాలి" అన్నారు.

శ్రావణం రాగానే ముహూర్తాలు మొదలయ్యాయి, మేం బయటికి వచ్చేశాం. భాద్రపదంలో మళ్ళీ రానిచ్చారు. తరువాత పుష్యమాసం. ఇప్పుడు క్లబ్బులో పదకొండు మంది పిల్లలున్నారు. బావగారి చేతులు కుదుటపడలేదు, పడవు కూడా. కాని శనివారం గడ్డం గీయించుకుంటున్నారు. మా ఆవిడ మాత్రం, "ఊరంతా పంచాంగంలో ముహూర్తాలు వెతుక్కుంటే ఈయన ముహూర్తాలు లేని రోజులు వెతుక్కుంటారు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

ఇదంతా మన పత్రికలో రాయడానికి కారణం ఉంది. మన సంఘం సభ్యుల్లో మండపాలున్నవారున్నారు, బడులు నడిపేవారున్నారు. పెళ్ళిళ్ళున్న నెలల్లో మాకు చోటు లేదు. కె.ఆర్.పురం చుట్టుపక్కల మీ ఎరుకలో హాలు ఏదైనా ఉంటే సంఘం ఆఫీసులో ఒక మాట చెప్పి ఉంచండి. కప్పు పాతిక అడుగులకు తగ్గకూడదు, తలుపులు మూసుకోవాలి, తెల్లవారుజామున రెండు గంటలు చాలు. కరెంటు ఖర్చు మీకు ఒక్క పైసా ఉండదు. దీపాల గుత్తి ఉన్నా ఫరవాలేదు, కాపలాకు మనిషిని మేమే తెచ్చుకుంటాం. కదిరి మనిషి వస్తానన్నాడు, వాళ్ళ పాప ఎలాగూ వస్తుంది.